కణము పెరుగుట, కణము విభజన చెందుట

ప్రభుత్వ పాఠశాలలలో విద్యార్థులకు వారమునకు ఒకసారి నీలిరంగు మాత్ర ఒకటి ఇస్తున్నారు. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము ఉంటాయి. రక్తమునకు ఇనుము అవసరమని అందరికీ తెలుసు. విశాఖపట్నము ఉక్కునగరములో పెరిగే పిల్లలకు ఇనుమును గూర్చి వేరే పరిచయము చేయనక్కరలేదు. కాని ఇనుములో 120వ వంతు మాత్రమే ఉన్న ఫోలిక్ ఆమ్లము శరీరములో ఏమి పని చేస్తున్నది? ఈ ప్రశ్నకు సమాధానము కణవిభజనలో ఉన్నది. ఈ ఆమ్లమును ప్రయోగశాలలో తయారుచేసిన బృందమునకు నాయకత్వము వహించినవాడు భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

పెరుగుదల వేరు, విభజన వేరు

కణము ఆహారమును గ్రహించి, ప్రోటీనులను నిర్మించుకొని పరిమాణములో పెరుగుతుంది. అయితే ఈ పెరుగుదలకు ఒక హద్దు ఉన్నది. కణము వెడల్పు రెండింతలైతే దాని ఉపరితలము నాలుగింతలే అవుతుంది. లోపలి ఘనపరిమాణము మాత్రము ఎనిమిదింతలవుతుంది. ఆహారము, ప్రాణవాయువు లోపలికి రావలసినది ఉపరితలము గుండానే కదా! అందుచేత కణము మితిమీరి పెరుగుటకంటె రెండుగా విడిపోవుటే మేలు.

కాని విడిపోవుటకు పెరుగుదల ఒక్కటే చాలదు. కేంద్రకములో డి.ఎన్.ఏ. అనే పదార్థమున్నది. కణము చేయవలసిన పనులన్నిటికీ ఆధారమైన సమాచారము అందులో ఇమిడి ఉంటుంది. మానవుని ఒక్క కణములోని డి.ఎన్.ఏ. పోగులను వరుసగా చాచితే సుమారు 2 మీటర్ల పొడవుంటుంది. పుట్టబోయే రెండు కణములకు ఈ సమాచారము పూర్తిగా అందవలెనంటే విభజనకు ముందే దానికి మరొక ప్రతి తయారు కావలెను. ప్రయోగశాలలో పెంచే మానవ కణము ఒక్కసారి రెండుగా మారుటకు దాదాపు 24 గంటలు పట్టితే, అందులో సుమారు 8 గంటలు ఈ నకలు తీయుటకే సరిపోతుంది. కంటికి కనిపించే అసలు విభజనకు పట్టేది ఒక గంట మాత్రమే.

సమవిభజన

నకలు పూర్తి అయిన తరువాత ప్రతి క్రోమోసోములోను రెండు సమానమైన పాయలు ఉంటాయి. వీటికి క్రొమాటిడులని పేరు. ప్రథమదశలో క్రోమోసోములు చుట్టలు చుట్టుకొని, పొట్టివై, సూక్ష్మదర్శినిలో స్పష్టముగా కనిపిస్తాయి. కేంద్రక త్వచము కరిగిపోతుంది. మధ్యస్థదశలో అవి కణము నడుమ ఒక వరుసలో నిలుస్తాయి. చలనదశలో క్రొమాటిడులు విడిపోయి, కండె పోగులు లాగగా చెరొక ధ్రువమునకు చేరుకుంటాయి. అంత్యదశలో రెండు కేంద్రకములు ఏర్పడతాయి. పిమ్మట కణము రెండవుతుంది. 46 క్రోమోసోములున్న కణము నుండి 46 క్రోమోసోములున్న రెండు కణములే వస్తాయి. గాయము మానుట, గోరు పెరుగుట, మొక్క వేరు సాగుట ఈ విధముగానే జరుగుతున్నాయి.

క్షయకరణ విభజన

బీజకణములు ఏర్పడేటప్పుడు లెక్క మారుతుంది. తండ్రి నుండి 46, తల్లి నుండి 46 వచ్చినచో బిడ్డకు 92 క్రోమోసోములు ఉండవలసి వచ్చును. ఈ చిక్కును తీర్చేది క్షయకరణ విభజన. ఇందులో డి.ఎన్.ఏ. నకలు ఒకేసారి జరుగుతుంది. విభజనలు మాత్రము వెంటవెంట రెండుసార్లు జరుగుతాయి. మొదటి విభజనలో తల్లి నుండి వచ్చిన క్రోమోసోము, తండ్రి నుండి వచ్చిన దాని జోడు దగ్గరకు చేరి, కొన్ని భాగములను మార్చుకొని, ఆపైన విడిపోతాయి. రెండవ విభజనలో క్రొమాటిడులు విడిపోతాయి. వరి మొక్క కణములలో 24 క్రోమోసోములు ఉండగా దాని పుప్పొడిలో 12 మాత్రమే ఉండుటకు కారణమిదే. సంఖ్యను సగము చేసే ఈ విభజనకు కూడ ముందుగా డి.ఎన్.ఏ. రెట్టింపు కావలసియుండుట గమనింపదగిన విషయము.

విభజన ఆగిన రక్తము

మరి నకలు తీసే పని కుంటుపడితే ఏమవుతుంది? ముందుగా దెబ్బతినేవి త్వరత్వరగా విభజన చెందే కణములు. మన ఎముకల మూలుగలో ప్రతి సెకనుకు 20 లక్షలకు పైగా ఎర్ర రక్తకణములు తయారవుతున్నాయి. ఒక్కొక్కటి సుమారు 120 రోజులు మాత్రమే జీవిస్తుంది కాబట్టి ఈ పని ఆగుటకు వీలులేదు.

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, అక్కడి గర్భిణీ స్త్రీలలో కనిపించిన ఒక రకము రక్తహీనతను పరిశీలించింది. ఆ రోగుల రక్తములో ఎర్ర కణములు తక్కువ. ఉన్న కణములు మామూలుకంటె పెద్దవి. ఈస్టు నుండి తీసిన సారము ఇచ్చినప్పుడు జబ్బు నయమైనదని 1931లో ఆమె ప్రకటించింది. ఆ సారములో ఉన్న మేలు చేసే పదార్థమే ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలినది. 1941లో పాలకూర ఆకుల నుండి దీనిని వేరుచేసిన శాస్త్రజ్ఞులు, ఆకు అను అర్థమిచ్చే లాటిన్ పదమును బట్టి ఈ పేరు పెట్టారు.

1895లో జన్మించిన సుబ్బారావుకు ఈ విషయము కేవలము పుస్తకములలోనిది కాదు. స్ప్రూ అనే ప్రేగుల వ్యాధి ఆయన సోదరుని బలిగొన్నది. ఆహారములోని పోషకములు ఒంటబట్టక, రక్తము క్షీణించుట ఆ జబ్బు లక్షణము. మద్రాసులో వైద్యము చదివి 1922లో ఆయన అమెరికాలోని బోస్టన్ నగరమునకు వెళ్ళారు. హార్వర్డ్‌లో చాల కాలము పరిశోధన చేసి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలలో చేరారు. 1945లో ఆయన ఆధ్వర్యములోని బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు కూడ అది ఔషధమైనది.

ఖనిజమును మోసే బండి

రక్తకణములు తగ్గుట సరే, పెద్దవి ఎందుకవుతాయి? బైలదిల్లా కొండల నుండి విశాఖకు ఇనుప ఖనిజమును రైలు వాగన్లు మోసుకొని వస్తాయి. వాగను ఉక్కులో కలిసిపోదు. సరుకు దింపి మళ్ళీ వెళుతుంది. కణములో ఫోలిక్ ఆమ్లము పని కూడ ఇట్టిదే. అది ఒక్కొక్క కార్బను పరమాణువును మోసుకొని వచ్చి అందిస్తుంది. ఆ కార్బను చేరినప్పుడే యురాసిల్ అనే భాగము థైమీనుగా మారుతుంది. డి.ఎన్.ఏ. నిర్మాణమునకు థైమీను తప్పనిసరి. ప్రోటీనుల తయారీకి తోడ్పడే ఆర్.ఎన్.ఏ.కు మాత్రము యురాసిలే చాలును.

కాబట్టి ఫోలిక్ ఆమ్లము కొరవడినప్పుడు డి.ఎన్.ఏ. నకలు ముందుగా కుంటుపడుతుంది. ప్రోటీనుల తయారీ సాగుతూనే ఉంటుంది. కణము పెరుగుతుంది, కాని సకాలములో విభజన చెందలేదు. లూసీ విల్స్ చూచిన పెద్ద కణములు ఇవే. పెరుగుదల వేరు, విభజన వేరు అనుటకు ఇంతకంటె మంచి నిదర్శనము ఉండబోదు.

అదుపు తప్పిన విభజన

లుకేమియా అనే రక్త క్యాన్సరులో చిక్కు దీనికి విరుద్ధమైనది. తెల్లకణములు పక్వము కాకుండానే అదుపులేకుండ విభజన చెందుతాయి. 1940 దశకములో ఈ వ్యాధి సోకిన పిల్లలు కొద్ది వారములలోనో, నెలలలోనో మరణించేవారు. థైమీను అందకపోతే విభజన ఆగును గదా! అట్లయితే ఆ బండినే ఆపితే?

సరుకు దింపిన వాగనును మళ్ళీ ప్రయాణమునకు సిద్ధము చేసే షెడ్డు వంటి ఎంజైము ఒకటి కణములో ఉన్నది. సుబ్బారావు బృందము తయారుచేసిన అమినోప్టెరిన్ రూపములో ఫోలిక్ ఆమ్లమును పోలి ఉంటుంది. షెడ్డులోనికి పోయి అక్కడే ఇరుక్కొంటుంది. అసలు వాగన్లకు దారి మూసుకొనిపోతుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఈ మందును 16 మంది పిల్లలపై ప్రయోగించగా 10 మందిలో వ్యాధి తాత్కాలికముగా తగ్గినది. ఆ ఫలితములు 1948 జూన్‌లో ప్రకటితమైనాయి. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు.

దీనికి సోదరి వంటి మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది. ఇతర మందులతో కలిపి ఇచ్చే చికిత్స వలన, వైద్య వసతులు బాగుగా ఉన్న దేశాలలో ఈ వ్యాధి సోకిన పిల్లలలో పదింట ఎనిమిది మందికి పైగా కోలుకొంటున్నారు. ఉక్కునగరమునకు చేరువగా అగనంపూడిలో క్యాన్సరు చికిత్స కొరకే హోమీ భాభా ఆసుపత్రి నడుస్తున్నది. అయితే ఈ రకము మందు మంచి కణమును, చెడ్డ కణమును గుర్తుపట్టలేదు. విభజన చెందే ప్రతి కణమునూ అడ్డుకొంటుంది. చికిత్స సమయములో జుట్టు రాలుట, నోరు పూయుట అందుకే.

తరగతిలో చేయదగిన పరిశీలన

ఉల్లిగడ్డను నీటి సీసా మూతిపై నిలిపితే మూడు నాలుగు రోజులలో వేళ్ళు వస్తాయి. వేరు కొనలను కత్తిరించి, ఎసిటిక్ ఆమ్లము ఒక పాలు, ఆల్కహాలు మూడు పాళ్ళు కలిపిన ద్రవములో ఒక రోజు ఉంచవలెను. ఆపైన సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లములో కొంచెము వెచ్చచేసి, కడిగి, ఎసిటోకార్మిన్ రంగు వేసి గాజు పలకల నడుమ అదిమి చూడవచ్చును. ఆమ్లములను ఉపాధ్యాయులే వాడవలెను. ఉల్లి కణములో 16 క్రోమోసోములు ఉంటాయి.

నూరు కణములను లెక్కించి, ఏ దశలో ఎన్ని ఉన్నవో విద్యార్థులచే పట్టిక వ్రాయించవలెను. క్రోమోసోములు కనబడని కణములే హెచ్చుగా ఉంటాయి. అవి ఊరకే ఉన్నవని విద్యార్థులు భావించవచ్చును. నిజమునకు వాటిలో అనేకము పెరుగుతున్నవి, డి.ఎన్.ఏ.కు నకలు తీసుకొంటున్నవి. నీలిరంగు మాత్రలోని ఫోలిక్ ఆమ్లము తోడ్పడేది మన కణములు చేసే ఈ కనబడని పనికే.