పదో తరగతి బ్యాచ్ గ్రూపు, ఊరి గ్రంథాలయం

ఊళ్లో పదో తరగతి దాకా చదివినవాళ్లలో వాట్సాప్ బ్యాచ్ గ్రూపు లేనివాళ్లు ఇప్పుడు తక్కువ. ఇరవై పాతికేళ్ల కింద ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లలో ఒకరు హైదరాబాద్‌లో ఉంటారు, ఒకరు దుబాయిలో ఉంటారు, ఒకరు ఊళ్లోనే వ్యవసాయం చేసుకుంటారు. గ్రూపులో మాత్రం అందరూ ఉంటారు. వీలు చూసుకుని పూర్వ విద్యార్థుల సమ్మేళనం పెట్టుకుంటారు. ఫ్లెక్సీ కడతారు, పాత సార్లకు శాలువా కప్పి మెమెంటో ఇస్తారు, కలిసి భోంచేస్తారు. పోగైన డబ్బులో కొంత మిగిలితే బడికి బీరువానో ఫ్యానో కొనిస్తారు. గ్రంథాలయానికి పుస్తకాలు కొనిచ్చిన బ్యాచులు మాత్రం అరుదుగా కనిపిస్తాయి. ఇవ్వాలన్న మనసు వాళ్లలో చాలామందికి ఉంది. వాళ్లను అడిగినవాళ్లే లేరు. అడిగినా, ఏం కావాలో విప్పి చెప్పలేదు.

పెద్దకొడప్‌గల్ సంగతి తీసుకోండి. సంగారెడ్డి నుంచి నాందేడ్ మీదుగా అకోలా పోయే 161వ జాతీయ రహదారి మీది ఊరు. ఒకప్పుడు పిట్లం మండలంలో ఉండేది. 2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు తానే మండల కేంద్రమైంది. ఒక పక్క మహారాష్ట్ర, ఇంకో పక్క కర్ణాటక దగ్గరే. ఈ ఊరున్న జుక్కల్ ప్రాంతంలో తెలుగుతో పాటు మరాఠీ, కన్నడం కూడా ఇళ్లల్లో మాట్లాడతారు. తండాల్లో లంబాడీ ఉంటుంది. ఇలాంటి చోట నలుగురైదుగురు యువకులు, ఒకరిద్దరు రిటైరైన సార్లు, ఒక అంగన్‌వాడీ టీచరమ్మ కలిసి గ్రంథాలయానికి సాయంగా చిన్న బృందం కట్టారనుకుందాం. సాయంత్రం పూట తలుపు తెరిచి కూర్చుంటారు. చిరిగిన పుస్తకాలకు అట్టలు వేస్తారు. పిల్లలకు కథలు చదివి వినిపిస్తారు. వాళ్ల దగ్గర డబ్బు లేదు, సమయం కొద్దిగా ఉంది, ఫోను అందరి దగ్గరా ఉంది. ఆ ఫోనును గ్రంథాలయం కోసం ఎలా వాడాలన్నది నిజంగా ఆలోచించాల్సిన విషయం.

ఈ పని మన ప్రాంతానికి కొత్తది కాదు. దూరాన ఉన్నవాళ్లను పుస్తకం కోసం ఒక్కటి చేయడంలో తెలంగాణకు నూరేళ్లకు మించిన అనుభవం ఉంది. 1901 సెప్టెంబరు 1న హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం, మరుసటి ఏడు సికింద్రాబాద్‌లో ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయం వచ్చాయి. ఆ తర్వాతి కాలంలో నలుగురు ఒకచోట సభ పెట్టాలంటే గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు కింద నిజాం సర్కారు అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చేది. అంత కట్టుబాటులోనూ గ్రంథాలయాలు పుడుతూనే పోయాయి. సభలూ ఆగలేదు. మన 161వ రహదారి మీదే హైదరాబాద్ వైపు పోతే తగిలే జోగిపేటలో 1930లో నిజాం రాజ్యపు మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాల మూట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మాడు.

వీటిలో మన బృందానికి బాగా పనికొచ్చే పాఠం గోలకొండ కవుల సంచిక. నిజాం రాజ్యంలో తెలుగు కవులు లేరన్న మాట ఎవరో అంటే, గోలకొండ పత్రిక నడుపుతున్న సురవరం మాటకు మాట చెప్పి ఊరుకోలేదు. కవుల వివరాలు, పద్యాలు పంపమని కోరాడు. ఊళ్ల నుంచి వచ్చినవాటిని కూర్చి 1934లో సంచిక అచ్చు వేశాడు. అందులో 354 మంది కవులున్నారు. ఆ రోజుల్లో పత్రిక, పోస్టు తప్ప చేతిలో వేరే సాధనం పెద్దగా లేదు. అడిగినదేమిటో స్పష్టంగా ఉంది. పంపినవాళ్లకు తమ పేరు అచ్చులో కనిపించింది. ఈ రెండూ ఉంటే జనం కదులుతారు. వాట్సాప్‌లోనైనా ఈ రెండూ లేకపోతే కదలరు.

మన గ్రూపుల్లో సాధారణంగా కనిపించే విజ్ఞప్తి ఇలా ఉంటుంది: 'మన లైబ్రరీకి దాతలు ముందుకు వచ్చి పుస్తకాలు విరాళంగా ఇవ్వగలరు.' దీనికి నలభై దండాల బొమ్మలు వస్తాయి, పుస్తకం ఒక్కటీ రాదు. వస్తే గిస్తే ఎవరింట్లోనో అటక మీదున్న పాత గైడ్లు, మారిపోయిన సిలబస్ పుస్తకాలు గోనెసంచిలో వస్తాయి. వాటిని వద్దనలేక అరల్లో సర్దుతారు. చోటు నిండిపోతుంది, చదివేవాళ్లు రారు. ఇలాంటి దానం వల్ల గ్రంథాలయాలకు జరిగే నష్టం గురించి మనం తగినంత మాట్లాడుకోవడం లేదని నా అభిప్రాయం.

అదే విజ్ఞప్తిని ఇంకోలా రాసి చూడండి. 'అన్నా, అక్కా, నమస్తే. కానిస్టేబుల్ పరీక్షకు చదివే పిల్లలు మన లైబ్రరీలో రోజూ కూర్చుంటున్నారు. వాళ్లకు తెలుగు అకాడమీ తెలంగాణ చరిత్ర కొత్త ముద్రణ రెండు కాపీలు, అంకగణితం పుస్తకం ఒకటి కావాలి. ఆదివారం లోపు ఎవరు ఏది ఇస్తారో ఇక్కడే రాయండి. ఒకరు రాసిన పుస్తకం ఇంకొకరు కొనొద్దు.' మూడు పుస్తకాలకు ముగ్గురు చాలు. దుబాయి నుంచి ఒకరు డబ్బు పంపుతారు, హైదరాబాద్‌లో ఉన్నతను కోఠీకి వెళ్లి కొంటాడు, శనివారం ఊరికొచ్చే మూడో మనిషి సంచిలో తెస్తాడు. పుస్తకం చేతికందిన రోజు, దాన్ని చదువుతున్న మనిషి ఒప్పుకుంటే ఫొటో, ఒప్పుకోకపోతే అట్ట ఫొటో, ఇచ్చినవాళ్ల పేరుతో గ్రూపులో పెట్టాలి. వచ్చే నెల మళ్లీ మూడు. సంఖ్య చిన్నగా ఉండడమే ఇందులోని బలం. వంద పుస్తకాల జాబితా పెడితే ఎవరికి వారు 'ఇంకెవరో ఇస్తారులే' అనుకుంటారు.

ఒక పట్టణమంతా ఒకేసారి కదిలిన ఉదంతం కూడా ఉంది. 2011 జనవరిలో ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్ దగ్గర స్టోనీ స్ట్రాట్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో గ్రంథాలయం మూసేసే ముప్పు వచ్చింది. అక్కడి గ్రంథాలయ మిత్ర బృందం ఊరివాళ్లను ఒకే ఒక్కటి కోరింది: మీ కార్డు మీద ఎన్ని పుస్తకాలకు హక్కుంటే అన్నీ తీసుకుపోండి. ఒక్కొక్కరికి 15. కబురు పాకింది, దాదాపు 16 వేల పుస్తకాలు ఇళ్లకు వెళ్లిపోయాయి. ఖాళీ అరల ఫొటోలు ఇంటర్నెట్‌లో దేశమంతా తిరిగాయి. గ్రంథాలయం లేకపోతే ఊరు ఎలా ఉంటుందో కళ్లకు కట్టింది. గ్రంథాలయం నిలిచింది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రపు ట్రాయ్ పట్టణంలోనూ అదే ఏడాది ఆగస్టులో గ్రంథాలయం కోసం చిన్న పన్ను వేయాలా వద్దా అని ఓటింగ్ జరిగింది. గ్రంథాలయాన్ని మూసేద్దాం, పుస్తకాలు తగలబెట్టే పండుగ చేసుకుందాం అంటూ ఫేస్‌బుక్‌లోనూ వీధుల్లోనూ ప్రచారం మొదలైంది. జనం మండిపడ్డాక, ఇది గ్రంథాలయాన్ని కాపాడటానికి వేసిన ఎత్తు అని బయటపెట్టారు. ఓటింగ్‌లో పన్ను గెలిచింది. చాలామంది ఈ రెండో ఉదంతాన్నే గొప్పగా చెబుతారు. నాకు మొదటిదే నచ్చుతుంది. అందరూ అందరికీ తెలిసిన పల్లెలో అబద్ధంతో మొదలుపెట్టిన బృందాన్ని రేపు పుస్తకాల లెక్క చెప్పినా నమ్మరు.

ఏ వేదిక దేనికి పనికొస్తుందో ఒక మాట. ఫేస్‌బుక్ పేజీ పరాయి ఊళ్లలో స్థిరపడిన పెద్ద వయసువాళ్లకు కబురు చేరవేస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ పిల్లల లోకం. ఊరి పని నడిచేది మాత్రం వాట్సాప్‌లోనే. ఒక గ్రూపులో ఇప్పుడు 1024 మంది దాకా ఉండవచ్చు. అందరినీ ఒకే గ్రూపులో కుక్కితే శుభోదయాల కింద లైబ్రరీ కబురు కనపడకుండా పోతుంది. పనిచేసే పదిమందికి ఒక చిన్న గ్రూపు, కబురు వినే మిగతావాళ్లకు అడ్మిన్లు మాత్రమే రాయగల వేరే గ్రూపు ఉంటే సరిపోతుంది.

ఇక్కడ చాలా బృందాలు పట్టించుకోని సంగతి ఒకటుంది. మామూలు గ్రూపులో చేరిన ప్రతి మనిషి నంబరూ మిగతా అందరికీ కనిపిస్తుంది. డిగ్రీ చదివే అమ్మాయి లైబ్రరీ గ్రూపులో చేరిన మరునాడే ముక్కూమొహం తెలియనివాడి నుంచి 'హాయ్' వస్తే, ఇంట్లో తెలిసిన రోజున ఆమె గ్రూపు నుంచే కాదు, లైబ్రరీ నుంచి కూడా తప్పుకోవాల్సి వస్తుంది. మన పల్లెల్లో గ్రంథాలయానికి ఆడపిల్లలు రావడమే ఎంతో కష్టం మీద జరిగే పని. 2023 సెప్టెంబరులో మన దేశంలో మొదలైన వాట్సాప్ ఛానల్‌లో చేరినవాళ్ల నంబర్లు తోటివాళ్లకు కనపడవు. అందుకే అందరికీ చెప్పాల్సిన కబుర్లకు ఆ రెండో గ్రూపు కంటే ఛానలే మేలు. పిల్లల ఫొటోలు పెట్టేముందు తల్లిదండ్రులను నోటితో అడిగి ఒప్పించుకోవాలి. బడి పేరు, తరగతి రాయకూడదు.

డబ్బు విషయంలో నియమం కఠినంగా ఉండాలి. ఒక మనిషి సొంత ఫోన్‌పే నంబరుకు విరాళాలు తెప్పించుకోవద్దు. ఆ మనిషి ఎంత నిజాయితీపరుడైనా, ఏదో ఒక రోజు ఎవరో ఒకరు అనుమానిస్తారు, ఆయన నొచ్చుకుని తప్పుకుంటాడు, బృందం కూలుతుంది. ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా తెరవాలి. నెల నెలా పాస్‌బుక్ పేజీ ఫొటో గ్రూపులో పెట్టాలి. నన్నడిగితే, వీలైనంత వరకు డబ్బు అసలే తీసుకోవద్దని, పుస్తకమే తీసుకోమని చెబుతాను.

ఇక పీడీఎఫ్‌లు. పుస్తకాభిమానం పేరుతో కొత్త పుస్తకాలను స్కాన్ చేసి గ్రూపుల్లో పంచడం ఇప్పుడు మామూలైపోయింది. తెలుగు పుస్తకం వెయ్యి కాపీలు అమ్ముడుపోవడమే గగనమైన కాలంలో ఇది రచయిత నోటి దగ్గరి ముద్ద లాక్కోవడం. గ్రంథాలయం పేరు పెట్టుకున్న బృందం ఈ పని చేయకూడదు. చట్టప్రకారం పంచుకోదగిన సంపద కావలసినంత ఉంది. మన దేశంలో రచయిత కాలం చేసిన ఏడాది దాటాక 60 ఏళ్లు నిండితే రచనలు అందరివీ అవుతాయి. 1953లో పోయిన సురవరం ప్రతాపరెడ్డి రచనలు 2014 నుంచి, 1961లో పోయిన వట్టికోట ఆళ్వారుస్వామి రచనలు 2022 నుంచి అలా అందరివీ అయ్యాయి. వట్టికోట నవల 'ప్రజల మనిషి'ని బృందంలో గొంతు బాగున్న ఒకరు రోజుకు పది నిమిషాలు చదివి ఆడియోగా పెడితే, బీడీలు చుట్టే చేతులు ఖాళీ లేని అమ్మలు కూడా వింటారు. పిల్లలకైతే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ ఉంది. 2015లో మొదలైన ఈ వేదికలో తెలుగు, మరాఠీ, కన్నడ బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి. వాటిని అచ్చు వేసుకోవడానికీ పంచుకోవడానికీ అనుమతి ఉంది. ఒకే కథను మూడు భాషల్లో పక్కపక్కన పెట్టి చదివించగల ఊళ్లు రాష్ట్రంలో ఎక్కువ లేవు. జుక్కల్ ప్రాంతం ఆ సౌలభ్యాన్ని గుర్తించి వాడుకోవాలి.

మొదలుపెట్టడానికి మంచి సమయం గ్రంథాలయ వారోత్సవాలు, అంటే నవంబరు 14 నుంచి 20 దాకా. 1919 నవంబరు 14న మద్రాసులో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరిగింది. ఆ తేదీ గుర్తుగానే ఈ వారం 1968 నుంచి దేశమంతా జరుగుతోంది. ఏటా వ్యాసరచన పోటీలతో సరిపెట్టే ఆ వారంలో, ఊరి బ్యాచ్ గ్రూపులన్నిటిలో ఒకే రోజు ఒకే మూడు పుస్తకాల జాబితా పెట్టవచ్చు.

దానం ఎంత వచ్చినా, గ్రంథాలయానికి న్యాయంగా రావలసిన సొమ్ము వేరే ఉంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సుంకం. స్థానిక సంస్థలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. ట్రాయ్ జనం ఓటేసి తెచ్చుకున్న పన్నును మనం తెలియకుండానే ఏళ్లుగా కడుతున్నాం. మన పంచాయతీలో పోయిన ఏడు ఈ సుంకం ఎంత వసూలైంది, ఎంత జమ అయింది అని బృందం మర్యాదగా అడగాలి. సర్పంచి, కార్యదర్శి, వార్డు సభ్యులు చాలాచోట్ల ఊరి గ్రూపులోనే ఉంటారు. ప్రశ్న అక్కడే పెడితే ఊరంతా చూస్తుంది, జవాబు కూడా ఊరంతా చూస్తుంది. జవాబు రాకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఒక కాగితం రాసి ఇవ్వవచ్చు. 30 రోజుల్లో సమాధానం ఇచ్చి తీరాలి. ఆ సమాధానం ఫొటో తీసి, లైబ్రరీ కబుర్లు పెట్టే ఛానల్‌లోనే పెట్టండి.