వరి వేరు కింద ఒక ఊరుండాది, దానికి నీళ్ల తేదీ కావాల

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒకసారి మడిలోకి దిగి వరి దుబ్బును పెరికి సూడండి. వేర్లకు తుప్పు మాదిరి ఎర్రటి పూత ఉంటే భయపడొద్దు, అది మంచి గుర్తే. వేర్లు నల్లబడి కుళ్లిన కోడిగుడ్డు వాసనొస్తే మాత్రం ఊపిరాడక సస్తాండాయని అర్థం.

నీళ్లు నిలిచిన బురదలోకి గాలి సరిగా పోదు. అందుకే వరి తన ఒంట్లోని సన్నటి గొట్టాల గుండా పైనుంచి గాలిని వేర్లకు దించుకుంటాది. అందులో కొంత బయటికి కారతాది. అది తగిలి బురదలోని ఇనుము తుప్పు పడతాది. అదే ఎర్ర పూత. గాలి కావాల్సిన బాక్టీరియా ఆడనే బతుకుతాది, గాలి గిట్టనిది ఆ పక్కనే కాపురముంటాది. వేరు చక్కెరల్లాంటివి వదిలి వాటికి కూడు పెడతాది. వేరు సుట్టూ ఒక గుంపు, వేరు మీద ఒక గుంపు, వేరు లోపల ఇంకో గుంపు ఉంటాయని 2015లో కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు తేల్చినారు.

మన యూరియా మూట లెక్క కూడా వీటి చేతిలోనే ఉండాది. యూరియాను సూక్ష్మజీవులు అమ్మోనియం చేస్తాయి. గాలి తగిలే తావులో ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తాయి. మడి ఆరినప్పుడు ఈ పని జోరుగా సాగుతాది. మళ్లీ నీళ్లు నిలిస్తే, గాలి లేని బురదలోని బాక్టీరియా ఆ నైట్రేట్‌ను వాయువుగా మార్చి పైకి వదిలేస్తాది. అంటే మన దుడ్డు గాలిలో కలిసినట్టే.

అందుకే మడిలో నీళ్లు తీసి, బురద మీద యూరియా సల్లి, ఒకటి రెండు దినాలకు మళ్లీ నీళ్లు పెట్టమంటారు. తడిపి ఆరబెట్టే పద్ధతి కూడా ఉండాది. మడిలో బెజ్జాల గొట్టం పాతి, నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్లు కిందికి పోయినాక తడి పెట్టాల. పూత దశలో మాత్రం నీళ్లు నిలపాల. దీంతో నీళ్లు మిగులుతాయి, మీథేన్ తగ్గుతాది.

సలహాలు మంచివే. కానీ రేపు నీళ్లొస్తాయని నమ్మకముంటేనే కదా ఈపొద్దు మడి ఆరబెట్టేది? శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు. పోతిరెడ్డిపాడుకు నీళ్లు సరిగా అందాలంటే 854 అడుగులు నిలపాలని సీమ ఏండ్లుగా మొత్తుకుంటాంది. తెలుగుగంగ, ఎస్సార్బీసీ కాలవల కింద రైతుకు భయం ఉన్నన్నాళ్లు, వచ్చినప్పుడే మడి నిండా పెట్టుకుంటాడు. అది రైతు తెలివితక్కువతనం కాదు.

కాబట్టి మనం అడగాల్సింది ఒక్కటే. నాట్లకు ముందే కాలవ వంతుల తేదీలు ఊరూరా గోడ మీద రాయండి, రాసినట్టు నీళ్లు వదలండి. వేరు కింద ఊరిని కాపాడే పని మేం సూసుకుంటాం.