చైనా మెత్తరాతి శిల్పాలు - వాటి సంకేతార్థాలు

శిల్పం అనగానే మనకు నల్లరాయి, పాలరాయి స్ఫురించడం సహజం. కాని కత్తిమొనకు సులువుగా లొంగే ఒక మెత్తని రాతిని చైనా కళాకారులు శతాబ్దాల తరబడి ఆదరించారు. తాకితే సబ్బువలె నున్నగా ఉంటుంది గనుక దీనిని ఆంగ్లేయులు సోప్‌స్టోన్ అన్నారు. పలకపై అక్షరాలు దిద్దిన మనకు బలపం చిరపరిచితమే; ఈ రాయి దానికి దగ్గరి చుట్టం. అయితే చైనావారి ప్రసిద్ధ శిలలలో అధికభాగం పైరోఫిల్లైట్, డికైట్ అనే ఖనిజాలతో ఏర్పడినవి.

ఫూజియన్ రాష్ట్రంలోని షౌషాన్, జెజియాంగ్ రాష్ట్రంలోని చింగ్‌థియాన్, ఛాంగ్‌హువా ప్రాంతాలు వీటికి పుట్టినిళ్లు. ఛాంగ్‌హువా రాతికి ఇంగిలీకం వలన ఎర్రని చారలు ఏర్పడతాయి. అందుచేత దానిని 'కోడినెత్తురు రాయి' అంటారు. షౌషాన్ పొలాల మట్టిలో లభించే పసుపువన్నె థియాన్‌హువాంగ్ శిల అన్నింటికంటె విలువైనది.

పూర్వం ముద్రలను కంచుతోను, జేడ్‌తోను పనివారు తయారుచేసేవారు. మింగ్ వంశ కాలంలో (1368-1644) వెన్ పెంగ్ వంటి పండితులు మెత్తరాతిని చేపట్టి, తమ ముద్రలను తామే చెక్కుకొనసాగారు. దానితో ముద్ర కేవలం అధికార చిహ్నంగా మిగలక, కవిత్వ చిత్రలేఖనాలకు సాటియైన కళగా పరిణమించింది. ఫర్మానాలపై మొహరులను చూచిన దక్కను వాసులమైన మనకు ఈ ముద్రల గౌరవం తెలియనిది కాదు.

ఈ శిల్పాలలోని సంకేతాలకు మూలం చాలవరకు శ్లేషయే. ఉర్దూ కవులు దీనినే ఈహామ్ అంటారు. చైనా భాషలో గబ్బిలాన్ని 'ఫూ' అంటారు, సౌభాగ్యమూ 'ఫూ'యే. కనుక ఐదు గబ్బిలాలు దీర్ఘాయువు, సంపద, ఆరోగ్యం, ధర్మాసక్తి, అనాయాస మరణం అనే ఐదు భాగ్యాలను సూచిస్తాయి. 'లూ' అంటే జింక, రాజోద్యోగపు జీతం కూడ. 'యూ' అంటే చేప, సమృద్ధి కూడ. గుర్రంపై కోతిని చెక్కితే త్వరలో ఉన్నత పదవి లభించుగాక అని దీవెన. మరికొన్ని సంకేతాలు స్వభావాన్ని బట్టి ఏర్పడినవి: గింజలు నిండిన దానిమ్మ సంతానానికి, చలికి వెరవని దేవదారు, వెదురు, ప్లమ్ వృక్షాలు ధైర్యానికి గుర్తులు. లోహాన్ ప్రతిమలు భారతదేశం నుండి బౌద్ధంతో వెళ్లిన అర్హతులే.

మెత్తదనమే ఈ రాతికి వరమూ, శాపమూ. మోస్ కొలమానంలో జేడ్ కాఠిన్యం 6కు పైబడగా, దీనిది సాధారణంగా 1 నుండి 2.5 వరకే. జేడ్ అవునో కాదో తేల్చుకొనుటకు కత్తితో గీచి చూచేవారు శిల్పానికి తీరని గాయం చేస్తున్నారు. అర్థమెరుగక, గబ్బిలాన్ని వట్టి అలంకారంగా భావించుటయు అంతకు తక్కువ నష్టం కాదు. 2008 బీజింగ్ ఒలింపిక్ క్రీడల చిహ్నం ఎర్రని ముద్ర రూపంలోనే వెలువడింది. అనగా ఆ సంప్రదాయం నేటికీ సజీవం. పురావస్తుశాలలో ఇట్టి శిల్పం ఎదురైనపుడు, దాని వెల అడుగుటకు ముందు అది పలికే దీవెనను గ్రహించుట మనవంటి విద్యార్థులకు తగిన పని.