సెప్టిక్ ట్యాంకు ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

ఊరి మురుగు అనగానే భూగర్భ డ్రైనేజీ అంటారు. దానికి కోట్లు కావాలి, రోడ్లన్నీ తవ్వాలి, పంపులకి నెలనెలా కరెంటు బిల్లు కట్టాలి. చిన్న ఊళ్లు ఇక్కడే ఆగిపోతాయి.

ఉన్న సెప్టిక్ ట్యాంకులతోనే పని నడుపుకోవచ్చని మహారాష్ట్రలో వాయి అనే ఊరు చూపించింది. సతారా జిల్లా. మహాబలేశ్వరంలో పుట్టిన మన కృష్ణమ్మకి తగిలే తొలి పట్టణాల్లో అదొకటి.

మామూలుగా ఏం జరుగుతుందండీ? ట్యాంకు పొంగేదాకా ఎవరూ పట్టించుకోం. పొంగాక లారీవాణ్ని పిలిచి అడిగినంత ఇస్తాం. అతను తీసుకెళ్లి ఏ వాగులోనో వదిలేస్తాడు. అతన్ని అని లాభం లేదు లెండి, పోయడానికి చోటు చూపించిందెవరు?

వాయిలో ఈ లెక్క తిరగేశారు. పొంగినా పొంగకపోయినా మూడేళ్లకోసారి, వార్డుల వారీగా లారీయే ఇంటికొస్తుంది. ఆ రోజు డబ్బులు అడగరు. ఆస్తిపన్నుతో పాటు పారిశుద్ధ్య పన్ను వసూలు చేసి, అందులోంచి కాంట్రాక్టరుకి ఇస్తారు. తోడిన మడ్డి రోజుకి 70 వేల లీటర్లు పట్టే శుద్ధి కేంద్రానికి వెళ్తుంది. ఆ కేంద్రం కట్టడానికి బయటి గ్రాంటు వచ్చింది, అది దాచకూడదు. నాసిక్ జిల్లా సిన్నర్‌లో కూడా ఇదే పద్ధతి.

మన ఊళ్లో మొదలుపెడితే మాత్రం ఆ పన్నుకి వేరే ఖాతా తెరవాలి. జనరల్ ఫండ్‌లో కలిపేశారా, జీతాలకో వీధిదీపాలకో పోతుంది, లారీ ఆగిపోతుంది.

స్నానాల గది, వంటింటి నీళ్లు దీంతో తీరవు. వాటి సంగతి వచ్చే ఎపిసోడ్‌లో.