చెరకు సీమలో చక్కెర లేని క్రిస్మస్ కేకు

అనకాపల్లి మార్కెట్‌కి బెల్లం దిమ్మలు దిగే కాలమూ, చర్చిల మీద కాగితపు నక్షత్రాలు వెలిగే కాలమూ ఒకటే. ఏటికొప్పాకలో ఈ రెండూ మరీ దగ్గర. వరాహ నది ఒడ్డునున్న ఈ ఊరిని లోకం లక్క బొమ్మల ఊరిగా ఎరుగును గానీ, చుట్టుపక్కల రైతులకు ఇది చెరకు ఊరు. 1930ల్లోనే ఇక్కడి రైతులు సహకార సంఘంగా కూడి చక్కెర కర్మాగారం పెట్టుకున్నారు. దేశంలో మొట్టమొదటి సహకార చక్కెర కర్మాగారాల్లో అదొకటి. పిల్లల చదువులు, ఆడపిల్లల పెళ్లిళ్లు, అప్పుల వాయిదాలు అన్నీ చెరకు డబ్బు చుట్టూనే తిరిగిన పల్లెలివి.

ఇలాంటి చోట పండగ పళ్లెంలోంచి చక్కెర తీసేద్దామనడం చిన్న మాట కాదు. అయినా అనాల్సిన రోజు వచ్చింది. భారత వైద్య పరిశోధన మండలి సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. వాటి ప్రకారం దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లు దాటారు. ఆ జబ్బు గుమ్మం దగ్గర నిలబడ్డవారు మరో 13 కోట్లకు పైనే. ఇది పట్నాల జబ్బనే రోజులు పోయాయి. ఏ పల్లెలో పండగకి వెళ్లినా, పళ్లెం ముందు పెట్టగానే చెయ్యి అడ్డం పెట్టేవాళ్లు ఇంటికొకరు ఉంటున్నారు. "నాకు షుగరమ్మా" అంటారు. ఆ మాట అన్నాక ఇంటివాళ్లకు ఏం పెట్టాలో తోచదు. వచ్చినవాళ్లు ఉత్త టీ తాగి లేస్తారు, అదీ చక్కెర లేకుండా.

ఈ పండగ పళ్లెం ఎలా వచ్చిందో ముందు చూద్దాం. కెనడియన్ బాప్టిస్టు మిషనరీలు 1874లో కాకినాడలో పని మొదలుపెట్టారు. తర్వాత కాలంలో వాళ్ల కేంద్రాలు తుని, యలమంచిలి, నర్సీపట్నం వరకూ వచ్చాయి. వాళ్లు తెచ్చిన ఆరాధన ఇక్కడి వంటింటిని మార్చలేదు. సంక్రాంతికి పొరుగింట్లో ఏం వండుతారో క్రిస్మస్‌కి క్రైస్తవుల ఇంట్లో అవే వండారు: అరిసెలు, గవ్వలు, కజ్జికాయలు, జంతికలు. వాటి పక్కన అచ్చుతో వేయించే గులాబీ పూలు చేరాయి, ఆ తర్వాత కేకు వచ్చింది. క్యారల్స్ బృందం రాత్రంతా ఇల్లిల్లూ తిరిగి పాడుతుంది. ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకటి నోట్లో వేసుకోకుండా కదలనివ్వరు. పాస్టరుగారి సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ వారం రోజులూ ఆయన ఎవరింట్లో కాదంటే వాళ్లకి బాధ.

ఈ పళ్లెంలోంచి చక్కెర తీయాలంటే మొదట తేల్చుకోవాల్సింది బెల్లం సంగతి. ఈ సీమలో ఎవరిని అడిగినా, "చక్కెర కాదు కదండీ, బెల్లమే కదా, ఏటీ కాదు" అంటారు. ఆ నమ్మకం వెనక ప్రేమ ఉంది, తరతరాల కష్టం ఉంది. కానీ నిజం లేదు. 100 గ్రాముల బెల్లంలో సుమారు 85 గ్రాములు పిండిపదార్థమే, అందులో దాదాపు అంతా చక్కెరే. చెరకు రసాన్ని శుద్ధి చేసి స్ఫటికాలుగా తీస్తే పంచదార, చేయకుండా కాచి దిమ్మ కడితే బెల్లం. బెల్లంలో ఇనుము, పొటాషియం కొద్దికొద్దిగా ఉంటాయి, మంచిదే. అయితే వాటి కోసమని బెల్లం తింటే వాటికి ముందే చక్కెర రక్తంలోకి చేరుతుంది. తేనె, ఖర్జూరం, ఎండు ద్రాక్ష కూడా ఈ వరసలోవే. దుకాణంలో "చక్కెర కలపలేదు" అని రాసిపెట్టిన లడ్డూ నిండా ఖర్జూరం ఉంటే, గ్లూకోమీటరుకి ఆ కాగితం చదవడం రాదు.

రెండోది, అసలు ఎవరూ మాట్లాడనిది, పిండి. మన భయమంతా తీపి మీద. మైదాలో ముప్పావు వంతు పిండిపదార్థమే. బియ్యప్పిండిలో ఇంకాస్త ఎక్కువ. ఒక మాదిరి అరిసెలో బియ్యప్పిండి, బెల్లం కలిసి పిండిపదార్థం పాతిక గ్రాములకు పైమాటే. రెండు తింటే కప్పు అన్నం తిన్నంతకు పైనే, ఆ పైన భోజనం ఎలాగూ ఉంది. కేకులో చక్కెర తీసేసి మైదా అలాగే ఉంచితే సగం పనే అయినట్టు. బేకరీల్లో షుగర్ ఫ్రీ పేరుతో అమ్మే చాలా కేకుల కథ ఇదే.

అయితే అన్నింటినీ మార్చేయొచ్చా? కుదరదు, కుదరకూడదు కూడా. అరిసె అంటేనే తడి బియ్యప్పిండీ బెల్లం పాకమూ. ఆ రెండూ తీసేస్తే మిగిలేది నువ్వులూ నెయ్యీ. పాకం ఉండకట్టు కుదిరిందా లేదా అని చుక్క నీళ్లలో వేసి వేళ్లతో ఉండ చేసి చూసే ఆ విద్యకి ప్రత్యామ్నాయం లేదు. షుగరున్నవాళ్లు అరిసె తినాలనుకుంటే అసలైన అరిసెలో సగం, భోజనంలో అన్నం తగ్గించుకుని, నములుతూ తినడమే మేలు. దొంగ అరిసె నాలుగు తినడం కంటే అదే గౌరవం, అరిసెకీ తినేవాళ్లకీ.

గులాబీ పూలదీ అదే పరిస్థితి. ఆ అచ్చుని చూడండి. పొడుగు కాడకి ఇనప పువ్వు. దాన్ని కాగే నూనెలో ఉంచి వేడెక్కించి, తీసి, జారుగా కలిపిన పిండిలో ముప్పావు వంతు ముంచాలి. పై అంచు దాకా మునిగితే పువ్వు ఊడి రాదు. ముంచగానే చుయ్యిమంటుంది. వేడి ఇనుముకి తగిలిన పిండి అక్కడికక్కడే ఉడికి పొరలా పట్టుకుంటుంది. తిరిగి నూనెలో పెట్టి కాస్త ఆగి కాడని విదిలిస్తే పువ్వు విడిపోయి తేలుతుంది. పట్టుకునేదీ, ఉడికి బిగిసేదీ బియ్యప్పిండి, మైదాల్లోని గంజి. ఎర్రగా వేయించేది చక్కెర. బాదం పిండిలో ఆ గంజి దాదాపు లేదు, అందుకే అచ్చుకి పట్టకుండా నూనెలోకి జారి పొడిపొడిగా తేలుతుంది. కాబట్టి గులాబీ పూలని వాటి మానాన వదిలేద్దాం.

మార్చడానికి వీలున్నది కేకే. కేకు మన పాత వంట కాదు, వచ్చిన చోటల్లా మారుతూ వచ్చిన వంట. 1883లో కేరళలోని తలశ్శేరిలో మాంబళ్లి బాపు అనే బేకరీ యజమాని దగ్గరికి మర్డాక్ బ్రౌన్ అనే బ్రిటిష్ తోట యజమాని ఇంగ్లండు నుంచి తెచ్చిన ప్లమ్ కేకు పట్టుకొచ్చి, ఇలాంటిది చెయ్యమన్నాడట. బాపు స్థానిక సారా, స్థానిక దినుసులు వాడి చేశాడు. మన దేశపు క్రిస్మస్ కేకు కథ అక్కణ్నుంచే చెబుతారు. మొదటి కేకే ఉన్నవాటితో సర్దుకుని చేసినదైతే, మనం సర్దుకోవడానికి అభ్యంతరం ఏముంది?

సర్దుకునే ముందు చక్కెర కేకులో ఏమేం చేస్తుందో తెలియాలి. తీపి ఇవ్వడం దాని పనుల్లో ఒకటి మాత్రమే. వెన్నతో కలిపి గిలక్కొడితే చక్కెర పలుకుల వల్ల గాలి బుడగలు చేరి కేకు పొంగుతుంది. తేమని పట్టుకుని మెత్తగా ఉంచుతుంది. ఎరుపెక్కిస్తుంది. బూజు రాకుండా కాపాడుతుంది. ప్లమ్ కేకుకి ఆ నల్లటి రంగు, చిరుచేదు మాడబెట్టిన చక్కెర పాకం నుంచే వస్తాయి. ఇన్ని పనులు చేసేదాన్ని తీసేసి ఆ చోట రెండు మాత్రలు వేస్తే అయ్యేది కేకు కాదు, తియ్యటి రొట్టె.

ఇక్కడ ఏటికొప్పాక బొమ్మ గుర్తుకొస్తుంది. అంకుడు కర్రని తరిణె మీద తిప్పుతూ లక్క పట్టించే ఈ పనిలో ఒకప్పుడు రసాయన రంగులు నిండాయి. సి.వి.రాజు వంటివారు పూనుకుని పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల రంగుల్ని తిరిగి తెచ్చారు. ఆయనకి 2023లో పద్మశ్రీ వచ్చింది. అంతకు ముందే 2017లో బొమ్మలకి భౌగోళిక గుర్తింపు దక్కింది. కొత్త ఎరుపు పాత రసాయనపు ఎరుపులా కళ్లు చెదిరేలా లేదు, ఉండాలని వాళ్లు ప్రయత్నించనూ లేదు. ఆ రంగుకి తగ్గ అందం వెతుక్కున్నారు. చక్కెర లేని కేకుకి కూడా కావాల్సింది ఆ పద్ధతే.

మన చుట్టూ ఉన్నవాటితోనే చేద్దాం. రంగు, చిరుచేదు కోసం పాకం బదులు చిక్కటి అరకు కాఫీ డికాషను, పది గ్రాముల కోకో పొడి. ఎండు ద్రాక్ష, టూటీ ఫ్రూటీల బదులు ఉసిరి. డిసెంబరులో ఉసిరికాయకి కొదవ లేదు. కాయల్ని ఆవిరి మీద పది నిమిషాలు ఉడికిస్తే తొనలు వాటంతటవే విడిపోతాయి. గింజ తీసి, చిన్న ముక్కలు కోసి, రెండు చెంచాల ఎరిత్రిటాల్ (చక్కెర బదులు వాడే తీపి పొడి), దాల్చినచెక్క, కమలా తొక్క వేసి తడి ఇంకేదాకా సన్న సెగన ఉంచి, ఒక పూట నీడన ఆరబెట్టాలి. వగరు పూర్తిగా పోదు. పోకపోవడమే బాగుంటుంది, వెన్న మొహం మొత్తకుండా చేస్తుంది.

పిండి సంగతి: 200 గ్రాముల బాదం పిండి, 40 గ్రాముల ఎండు కొబ్బరి పొడి. దీనికి నాలుగు గుడ్లు, 100 గ్రాముల వెన్న, మిక్సీలో మెత్తగా తిప్పిన 100 గ్రాముల ఎరిత్రిటాల్. మైదాలోలా సాగే గుణం బాదంలో లేదు కాబట్టి కేకుని నిలబెట్టే భారమంతా గుడ్ల మీదే. అందుకే తెల్లసొనని విడిగా నురగ గట్టిపడేదాకా గిలక్కొట్టాలి. వెన్న, ఎరిత్రిటాల్, పచ్చసొన కలిపి, అందులో మూడు చెంచాల చల్లారిన డికాషను, ఒకటిన్నర టీస్పూను బేకింగ్ పౌడరు కలిపిన పిండి, కోకో, చిటికెడు ఉప్పు, దాల్చినచెక్క, లవంగం, జాజికాయ, శొంఠి పొడులు వేయాలి. తర్వాత 100 గ్రాముల ఉసిరి ముక్కలు, 50 గ్రాముల అక్రోట్లు. తెల్లసొన నురగ ఆఖర్న, గరిటె తిప్పీ తిప్పనట్టు. ఓవెన్‌లో 160 డిగ్రీల దగ్గర గంటకి అటూ ఇటూగా ఉడుకుతుంది. ఓవెన్ లేని ఇంట్లో అడుగున ఉప్పు పోసిన కుక్కరులో, వెయిటూ రబ్బరూ తీసేసి చేయొచ్చు. కాకపోతే బాదం పిండి మైదా కంటే త్వరగా మాడుతుంది, సెగ బాగా తగ్గించాలి. వేడి మీద కొయ్యకండి, పొడైపోతుంది. రాత్రంతా ఆరనిచ్చి మర్నాడు కోస్తే శుభ్రంగా ముక్క తెగుతుంది.

లెక్క చూద్దాం. 200 గ్రాముల చొప్పున మైదా, చక్కెర, 300 గ్రాముల ఎండు పళ్లు వేసి చేసే మామూలు ప్లమ్ కేకుని 16 ముక్కలు చేస్తే ముక్కకి సుమారు 35 గ్రాముల పిండిపదార్థం. పై కేకులో, పీచూ ఎరిత్రిటాలూ తీసేసి లెక్కిస్తే, ముక్కకి మూడు గ్రాముల లోపే. కెలోరీలు మాత్రం అంతగా తగ్గవు. బాదం, వెన్న, గుడ్లు బరువైనవే. ఒక ముక్క చాలు.

ఖర్చు మాట దాటెయ్యలేను. బాదం పిండి కూలి పని చేసుకునే ఇంటికి అందే సరుకు కాదు. షుగరు మాత్రం అందరి ఇళ్లకీ వస్తోంది. సగం బాదం బదులు వేరుశనగలు వాడొచ్చు. దోరగా వేయించి, పొట్టు తీసి, పూర్తిగా చల్లారాక మిక్సీలో ఆపి ఆపి తిప్పాలి, ఆగకుండా తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. వేరుశనగలోనూ పిండిపదార్థం తక్కువే, 100 గ్రాములకి 16 గ్రాములు, అందులో సగం పీచు. పల్లీ వాసన ముందుకొస్తుంది, శొంఠి కాస్త పెంచితే సర్దుకుంటుంది.

తీపి పొడి గురించి కూడా తెలిసి వాడాలి. ఎరిత్రిటాల్ చక్కెరలో 70 శాతం తియ్యగా ఉంటుంది, రక్తంలో చక్కెరని పెంచదు. చల్లారాక గడ్డకట్టి పంటి కింద కరకరలాడుతుంది, నాలుక మీద చల్లగా తగులుతుంది. ఎక్కువైతే కడుపుబ్బరం. 2023లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు, రక్తంలో ఎరిత్రిటాల్ ఎక్కువగా ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం ముప్పు ఎక్కువగా కనిపించిందని చెప్పారు. మన శరీరం కూడా దాన్ని కొంత తయారు చేసుకుంటుంది కాబట్టి ముప్పుకి కారణం అదేనని రుజువు కాలేదు. గుండె జబ్బున్నవాళ్లు డాక్టరుని అడిగి వాడటం మంచిది, లేదా స్టీవియా వాడొచ్చు. స్టీవియా చక్కెర కంటే 200 రెట్లకు పైగా తీపి కాబట్టి చిటికెలతో సరిపోతుంది, మోతాదు మించితే చేదు. మన ఆహార భద్రతా సంస్థ దాన్ని 2015లో అనుమతించింది. దుకాణపు షుగర్ ఫ్రీ మిఠాయిల్లో మాల్టిటాల్ కనిపిస్తే మాత్రం జాగ్రత్త, అది రక్తంలో చక్కెరని కొంత పెంచుతుంది. ఇంకొకటి: ఇన్సులిన్, మాత్రలు వాడేవాళ్లు "ఈ కేకు తిన్నాను కదా" అని భోజనం మానేయకూడదు. ఇందులో పిండిపదార్థం చాలా తక్కువ కాబట్టి మందు తన పని తాను చేసుకుపోయి రక్తంలో చక్కెర పడిపోవచ్చు.

చక్కెర కాపలా లేని ఈ కేకు నెలల తరబడి నిలవుండదు. బయట రెండు రోజులు, ఫ్రిజ్‌లో ఐదారు రోజులు. అందుకని 23న చేసి 24 ఉదయం కోసుకోండి. క్యారల్స్ వచ్చినప్పుడు "షుగరున్నవాళ్లకి" అని వేరే పళ్లెం పట్టుకెళ్లి పదిమందిలో వాళ్లని విడదీయొద్దు. అరిసెలు, గులాబీ పూలు పెట్టిన పళ్లెంలోనే ఒక పక్కగా పెట్టి, ఇందులో బాదం, గుడ్డు ఉన్నాయని, చక్కెర లేదని చెబితే చాలు. ఎవరికి కావాల్సింది వాళ్లు తీసుకుంటారు.