సెకండ్ హ్యాండ్ ఫ్రీ టు ఎయిర్ బాక్స్ కొన్నారా? సాఫ్ట్‌వేర్ కంటే ముందు ట్యూనింగ్ చూసుకోండి

మా గల్లీలో ఉండే ఒక ఖాలా గత నెల జుమ్మేరాత్ బజార్‌లో పాత ఫ్రీ టు ఎయిర్ సెట్ టాప్ బాక్స్ ఒకటి కొనుక్కొచ్చారు. 300 రూపాయలు. ఆవిడ ఇంట్లోనే మిషన్ మీద బ్లౌజులు కుడతారు. నెల నెలా రీఛార్జ్ కట్టలేక టీవీ ఆపేసి ఏడాది దాటింది. కూతురు ఈసారి పదో తరగతి. పాఠాలు టీవీలో ఫ్రీగా వస్తాయని స్కూల్లో చెప్పారట, అందుకే ఈ బాక్స్. తీరా ఇంటికి తెచ్చి పెడితే తెర మీద ఒకటే మాట: నో సిగ్నల్.

దగ్గర్లో ఒక షాపుకు తీసుకెళ్తే, "సాఫ్ట్‌వేర్ పాతదైపోయింది, అప్‌డేట్ కొట్టాలి, 450 అవుతుంది" అన్నారట. బాక్స్ ధర కంటే అప్‌డేట్ ధర ఎక్కువ! "బేటా, ఇది నిజమేనా?" అని ఖాలా నన్ను అడిగారు.

నిజం కాదు. ఆ బాక్స్‌కి అప్‌డేట్ అవసరమే లేదు. ఇలా మోసపోతున్న ఇళ్లు చాలా ఉంటాయి కాబట్టి విషయం మొదటినుంచీ రాస్తున్నాను.

రెండు పనులు, రెండూ వేరు

ట్యూనింగ్ వేరు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వేరు. మీ ఫోన్‌తో పోల్చి చూడండి. ఎవరైనా నంబర్ మార్చుకుంటే మీరు కొత్త నంబర్ సేవ్ చేసుకుంటారు, అంతే. దానికోసం ఫోన్ సాఫ్ట్‌వేర్ మొత్తం మార్చరు కదా. బాక్స్‌లో ట్యూనింగ్ అంటే నంబర్ సేవ్ చేసుకోవడం లాంటిది. రిమోట్‌తో అయిపోతుంది, తప్పు పోయినా మళ్లీ చేసుకోవచ్చు. అప్‌డేట్ అంటే బాక్స్ మెదడునే మార్చడం. అక్కడ తప్పు చేస్తే బాక్స్ చచ్చిపోతుంది.

పాత బాక్సుల్లో 'నో సిగ్నల్' రావడానికి ఎక్కువసార్లు కారణం మొదటిదే. దూరదర్శన్ ఉచిత డీటీహెచ్ సర్వీసు 2004 డిసెంబర్‌లో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది, తర్వాత డీడీ ఫ్రీ డిష్ అయింది. ఒక దశలో ఇన్‌శాట్-4బీ ఉపగ్రహం మీద ఉండేది. 2015 నవంబర్‌లో ప్రయోగించిన జీశాట్-15 వచ్చాక దాని మీదికి మారింది. రెండు ఉపగ్రహాలదీ ఆకాశంలో ఒకటే చోటు, 93.5 డిగ్రీల తూర్పు. అంటే డిష్ తిప్పాల్సిన పని లేదు కానీ ఫ్రీక్వెన్సీలు మాత్రం మారిపోయాయి. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న బాక్స్ పాత ఫ్రీక్వెన్సీల దగ్గరే వెతుక్కుంటూ ఉంటుంది.

కొనేముందు ఏం చూడాలి

ముందుగా, అది నిజంగా ఫ్రీ టు ఎయిర్ బాక్సేనా చూడండి. నెలవారీ చందా కంపెనీల పాత బాక్సులు చాలావరకు ఆ కంపెనీకే లాక్ అయి ఉంటాయి. ఎంత చవగ్గా ఇస్తామన్నా వద్దు.

రెండోది, ఎంపెగ్-2 బాక్సా, ఎంపెగ్-4 బాక్సా. డబ్బా కింద స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. ఎంపెగ్-4 బాక్స్ రెండు రకాల ఛానెళ్లనీ చూపిస్తుంది. ఎంపెగ్-2 బాక్స్ కొత్త రకం ఛానెళ్లను చూపించలేదు, ఏ సాఫ్ట్‌వేర్ వేసినా చూపించలేదు. అది లోపలి చిప్‌కి సంబంధించిన విషయం. స్టిక్కర్ మీద డీవీబీ-ఎస్2 అని కూడా ఉంటే ఇంకా మంచిది. 'అప్‌డేట్ చేస్తే అన్నీ వస్తాయి' అని ఎంపెగ్-2 బాక్స్ అంటగడితే నమ్మొద్దు.

మూడోది, అడాప్టర్. బాక్స్ మీద ఎన్ని వోల్టులు రాసి ఉందో అడాప్టర్ మీదా అంతే ఉండాలి. రిమోట్ కూడా అదే బాక్స్‌దో కాదో అక్కడే పెట్టి చూడండి. వీలైతే దుకాణంలోనే టీవీకి తగిలించి మెనూ వస్తుందో లేదో చూడండి. మెనూ వచ్చిందంటే సగం బాక్స్ బాగున్నట్టే.

డిష్ ఎటు చూడాలి

హైదరాబాద్ నుంచి ఈ ఉపగ్రహం ఆగ్నేయంలో ఉంటుంది. దిక్సూచిలో సుమారు 138 డిగ్రీలు, ఎత్తు సుమారు 63 డిగ్రీలు. మన ఇళ్లలో దిక్సూచి లేకపోయినా ఖిబ్లా ఎటో చిన్న పిల్లలకు కూడా తెలుసు. ఖిబ్లా వైపు ముఖం పెట్టి నిలబడండి. మీ ఎడమ భుజానికి వెనకవైపు, పైకి. డిష్ అటు చూడాలి. చిన్న డిష్ ముఖం మాత్రం అంత పైకి ఎత్తినట్టు కనపడదు. ఎల్ఎన్‌బీ కిందివైపు నుంచి ముందుకు వచ్చి ఉంటుంది కదా, అందుకని. చూసి కంగారు పడొద్దు.

మేడ మీద చందా కంపెనీ పాత డిష్ ఉంటే అదే వాడుకోవచ్చు, కానీ చాలావరకు తిప్పాలి. టాటా ప్లే ఉపగ్రహం 83 డిగ్రీల దగ్గర, ఎయిర్‌టెల్‌ది 108.2 దగ్గర ఉంటాయి. ఎల్ఎన్‌బీ మీద 9750, 10600 అని రెండు అంకెలూ ఉంటే అది యూనివర్సల్ రకం, పనికొస్తుంది. లేకపోతే మార్చాలి.

మేడ ఎక్కేముందు బాక్స్ ప్లగ్ తీసేయండి. కేబుల్ మధ్య తీగకి చుట్టూ ఉన్న జాలీ తగిలితే షార్ట్ అవుతుంది. మన బస్తీల్లో కరెంటు తీగలు మేడలకు ఎంత దగ్గరగా పోతాయో తెలిసిందే, పిల్లల్ని ఒంటరిగా ఎక్కించొద్దు.

మెనూలో ఏం పెట్టాలి

మెనూలోకి వెళ్తే పాస్‌వర్డ్ అడగొచ్చు. చాలా బాక్సుల్లో 0000, కొన్నింట్లో 1234. పాత ఓనర్ సెట్టింగులు ఫోన్‌లో ఫొటో తీసుకుని, ఆ తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ చేయండి.

ఇప్పుడు ఉపగ్రహాల లిస్టులో 93.5 తూర్పు ఎంచుకోండి. ఎల్ఎన్‌బీ దగ్గర యూనివర్సల్ లేదా 9750/10600 పెట్టండి. ఎల్ఎన్‌బీ పవర్ ఆన్‌లో ఉండాలి. డైసెక్ స్విచ్ మీ ఇంట్లో లేకపోతే ఆ ఆప్షన్ ఆఫ్ చేయండి. తర్వాత ఫ్రీక్వెన్సీ 11090, పోలరైజేషన్ వర్టికల్, సింబల్ రేట్ 29500. ఇదే రేటుతో 11170, 11470 కూడా ఎక్కించండి.

ఎల్ఎన్‌బీ సంఖ్య ఎందుకంత ముఖ్యమో చిన్న లెక్కతో తెలుస్తుంది. 11090లోంచి 9750 తీసేస్తే 1340. కేబుల్‌లో కిందికి దిగేది ఈ 1340 మెగాహెర్ట్జ్. బాక్స్ 950 నుంచి పైకి మాత్రమే వినగలదు. ఎవరో సెట్టింగ్‌లో 10600 ఒక్కటే పెట్టి వదిలేస్తే బాక్స్ 490 దగ్గర వెతుకుతుంది, అక్కడ ఏమీ ఉండదు. ఖాలా బాక్స్‌లో జరిగింది సరిగ్గా ఇదే.

తెర మీద రెండు గీతలు కనిపిస్తాయి: స్ట్రెంత్, క్వాలిటీ. స్ట్రెంత్ 80 ఉన్నా సంబరపడొద్దు. ఎల్ఎన్‌బీకి కరెంటు అందుతోందని మాత్రమే దానర్థం. చూడాల్సింది క్వాలిటీ. ఒకరు టీవీ దగ్గర, ఒకరు మేడ మీద ఉండి ఫోన్‌లో మాట్లాడుకుంటూ డిష్‌ని వేలెడంత వేలెడంత జరపండి, ప్రతిసారీ రెండు మూడు సెకన్లు ఆగండి. క్వాలిటీ లేచాక ఎల్ఎన్‌బీని నెమ్మదిగా అటూ ఇటూ తిప్పి ఇంకా పెంచండి. నట్లు బిగించి, కనెక్టర్‌కి నీళ్లు దిగకుండా టేప్ చుట్టండి. ఆ తర్వాత బ్లైండ్ స్కాన్ ఉంటే అది, లేకపోతే నెట్‌వర్క్ సెర్చ్ ఆన్ చేసి స్కాన్ కొట్టండి.

ఫ్రీ డిష్‌లో ప్రైవేట్ ఛానెళ్లకి ఏటా వేలం జరుగుతుంది, ఏప్రిల్ 1 నుంచి కొత్త లెక్క మొదలవుతుంది. అప్పుడు కొన్ని పోతాయి, కొన్ని వస్తాయి. ఛానెల్ పోయిందని బాక్స్‌ని తిట్టకుండా ఒకసారి రీస్కాన్ చేయండి.

అప్‌డేట్ ఎప్పుడు చేయాలి

స్కాన్ మధ్యలో బాక్స్ ఆగిపోతుంటే, ఛానెల్ లిస్టు సేవ్ కాకపోతుంటే, తనంతట తానే రీస్టార్ట్ అవుతుంటే అప్పుడు ఆలోచించండి. ముందుగా మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి మోడల్, హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ వెర్షన్ మూడూ రాసుకోండి. ఫైల్ ఈ మోడల్‌కీ, ఈ హార్డ్‌వేర్‌కీ తయారైనదే కావాలి. డబ్బా ఒకేలా ఉన్నా లోపల బోర్డు వేరే ఉండొచ్చు. పాత సాఫ్ట్‌వేర్‌ని యూఎస్‌బీకి బ్యాకప్ తీసే ఆప్షన్ ఉంటే తప్పకుండా తీయండి. అప్‌డేట్ జరిగేటప్పుడు కరెంటు పోకూడదు. 'పెయిడ్ ఛానెళ్లన్నీ ఫ్రీ' అని చెప్పే సాఫ్ట్‌వేర్ జోలికి అసలు పోవద్దు. అది చట్టవిరుద్ధం, పైగా ఇంకొకరి కష్టార్జితం.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే ఈ తప్పు నేను చేశాను. కాలేజీ రోజుల్లో మా నానీ బాక్స్ బాగానే పనిచేస్తుంటే, కొత్త వెర్షన్ వచ్చింది కదా అని అప్‌డేట్ కొట్టాను. మోడల్ పేరు చూశాను, హార్డ్‌వేర్ నంబర్ చూడలేదు. బాక్స్ మీద 'బూట్' అనే మాట వెలిగి అక్కడే ఆగిపోయింది. నానీ ఒక్క మాట అనలేదు. దుమ్ము తుడిచి బాక్స్‌ని షెల్ఫ్‌లో పెట్టేశారు. ఆ తర్వాత చాలా రోజులు సాయంత్రాలు ఖాళీగా కూర్చునేవారు. బీకాంలో లాభనష్టాల లెక్కలు ఎన్నో వేశాను, ఈ నష్టం ఏ పుస్తకంలోనూ రాసుకోలేదు.

ఖాలా ఇంట్లో పని మొత్తం ఒక గంటన్నర పట్టింది. డిష్ పాతదే, బాక్స్ ఎంపెగ్-4ది. టేప్‌కి మాత్రం 20 రూపాయలు ఖర్చయింది. డీడీ యాదగిరి వచ్చింది, డీడీ ఉర్దూ వచ్చింది, ఆ తర్వాత పీఎం ఈ-విద్య ఛానెళ్లు వరసగా వచ్చాయి, తరగతికి ఒకటి చొప్పున. అమ్మాయి రిమోట్ తీసుకుని పదో తరగతి ఛానెల్‌ని ఫేవరెట్‌లో పెట్టుకుంది. ఖాలా మిగిలిన 430 రూపాయలు లెక్క చూసుకుని, "వీటితో గైడ్ కొనొచ్చు" అన్నారు.

కాబట్టి మీ బాక్స్ నో సిగ్నల్ అంటే షాపుకు పరిగెత్తకండి. ముందు ఎల్ఎన్‌బీ సంఖ్య, తర్వాత ఫ్రీక్వెన్సీ, తర్వాత డిష్. ఈ మూడూ సరిచూశాక కూడా రాకపోతే అప్పుడు మెకానిక్‌ని పిలవండి.