వేడిమిని కనిపెట్టియుండు యంత్రము

కోడిపెట్ట పొదుగునపుడు తన యొడలి వేడిమిని గ్రుడ్లకు సమముగా పంచుచు, నడుమనడుమ ముక్కుతో వానిని దొరలించుచు, 21 దినములు కనిపెట్టుకొని యుండును. ఆ పనిని నిప్పునకు అప్పగింపదలచినచో, నిప్పును కనిపెట్టుకొని యుండువారెవరను ప్రశ్న పుట్టును. హాలండు దేశమున ఆల్క్‌మార్ పట్టణమునందు జన్మించి లండను నగరమున పనిచేసిన కార్నెలిస్ డ్రెబెల్ (1572–1633) ఈ ప్రశ్నకు తొలి సమాధానము చెప్పెను. గ్రుడ్లు పొదిగించు తన కొలిమిలో అతడు సారాయమును పాదరసమును నింపిన గాజుపాత్ర నమర్చెను. వేడిమి హెచ్చినపుడు సారాయము వ్యాకోచించి పాదరసమును నెట్టును. పాదరసము పైకి లేచి ఒక కమ్మిని లేపును. కమ్మి గాలిమార్గపు మూతను మూయును. గాలి చాలక నిప్పు మందగించును. చల్లబడినంతనే ఈ వరుస యంతయు వెనుకకు మరలును. వేడిమిచేతనే వేడిమిని అదుపుచేయించిన ఈ యుపాయమే థర్మోస్టాట్ అను యంత్రమునకు జననము.

ఆ శిశువు దేహము గాజు, తగిలిన పగులును. దానికి దృఢమైన దేహము సముద్రయాన విజ్ఞానమునుండి లభించెను. నావలలో కాలమును తప్పక చూపు గడియారమునకై జీవితమును ధారవోసిన జాన్ హారిసన్, 1740లో ప్రారంభించి పందొమ్మిది వత్సరములు శ్రమించిన తన మూడవ గడియారమున, ఇత్తడి రేకును ఉక్కు రేకును జతపరచి బిగించెను. ఒకే వేడిమికి ఇత్తడి ఉక్కుకంటె ఇంచుమించు ఒకటిన్నర రెట్లు సాగును. కాని విడివడి సాగుటకు వీలులేక జంటరేకు ఉక్కువైపునకు వంగును. 1830లో స్కాట్లండు రసాయన శాస్త్రజ్ఞుడు ఆండ్రూ యూర్ ఈ వంపుచేతనే కవాటములను తెరచి మూయించు సాధనమునకు పేటెంటు పొంది, వేడిమి యనియు నిలుపుట యనియు అర్థములుగల గ్రీకు మాటలను కూర్చి దానికి నామకరణము చేసెను. 1883లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున, వైట్‌వాటర్ ఉపాధ్యాయ కళాశాల యందు బోధించుచున్న వారెన్ జాన్సన్, పరిచారకుడు మాటిమాటికి తరగతిలోనికి వచ్చి వేడిమి చూచిపోవుట మాన్పదలచి, గదిలోని జంటరేకు వంపును విద్యుత్తుచే తెలియజేయు సాధనమునకు పేటెంటు పొందెను. నేటి పెక్కు సాధనములలో జంటరేకు స్థానమున, వేడిమి హెచ్చినకొలది విద్యుత్ నిరోధము తగ్గు చిన్న పూస యున్నది. ఆ గుణమును మైకేల్ ఫారడే 1833లోనే వెండి సల్ఫైడునందు గమనించి యుండెను.

ఇంతవరకును ఈ యంత్రము సేవించిన ప్రాణులు రెండు తెగలవారు: కదలలేని గ్రుడ్లు, తమ వేడిమిని తామే పుట్టించుకొను మనుష్యులు. ఇరువురకును స్థిరమైన ఒక్క అంకె చాలును. ఈ రెండింటిలో దేనికిని చెందని ప్రాణి సరీసృపము. శీతలరక్త జంతువు పరిసరములు ఇచ్చిన వేడిమినే దీనముగా స్వీకరించునని తలచుట కలదు; కాని రేమండ్ కౌల్స్, చార్లెస్ బోగర్ట్ అను శాస్త్రజ్ఞులు 1944లో ప్రకటించిన పరిశోధనమున, ఎడారి బల్లులు ఎండకును నీడకును నడుమ మెదలుచు తమ దేహతాపమును ఇరుకైన హద్దులలో నిలుపుకొనునని నిరూపించిరి. ఉదయపుటెండలో మన కంచెపై ఎక్కి కూర్చుండు తొండ చేయుచున్నదియు ఈ పనియే.

ఆ తొండ వంశమునకే చెందినది ఆస్ట్రేలియా మధ్యభూముల బియర్డెడ్ డ్రాగన్. చలివేళ మేనిని నల్లబరచుకొని ఎండను త్రాగును. వేడి హెచ్చినచో మేని రంగును తేలికపరచుకొని నోరు తెరచును. నడినెత్తిన గల మూడవ కన్నుచే వెలుతురును గ్రహించును. దేహతాపము 35 డిగ్రీల సెంటీగ్రేడు చెంత నుండుట దానికి హితము. తిన్న మేత జీర్ణమగుట ఆ వేడిమిపై ఆధారపడి యున్నది.

కావున దీని పిల్లను ఇంట పెట్టెలో పెంచువాడు ఆ పెట్టెనంతటిని ఒక్క తీరుగా కాచుట తగదు. చిన్న దేహము త్వరగా వేడెక్కును, త్వరగా చల్లారును. ఇరుకు పెట్టెలో దానికి పారిపోవు చోటుండదు. నాలుగడుగుల పొడవుగల పెట్టెలో ఒక కొనను పైనుండి దీపము వ్రేలాడదీసి, దాని క్రింది రాతిపై 40 మొదలు 42 డిగ్రీలును, రెండవ కొనను 25 మొదలు 28 డిగ్రీలును ఉండునట్లు చూడవలెను. వేడి పైనుండి రావలెను. అడుగున కాగు రాయి పొట్టను కాల్చును. ఎముకల బలమునకు అతినీలలోహిత దీపము వేరుగా నుండవలెను. రాత్రి దీపములను ఆర్పి పెట్టెను 20 డిగ్రీల వరకు చల్లబడనిచ్చుట మేలు. గది అంతకన్న మిక్కిలి చల్లనైనచో, వెలుతురు లేని పింగాణీ హీటరును వాడవలెను. దీపమునకు కాంతిని క్రమముగా హెచ్చించి తగ్గించు థర్మోస్టాట్ తగును. వెలిగించి ఆర్పు తరహాది హీటరునకు చాలును.

ఇచట ఒక జాగ్రత్త ముఖ్యము. ఎంత నేర్పుగల యంత్రమైనను వేడిమిని గ్రహించు తన తీగకొన ఉన్న చోటునే ఎరుగును. పెట్టె నెరుగదు, ప్రాణి నెరుగదు. ఆ కొన జారి నీటిగిన్నెలో పడినచో, లోకమంతయు చలిగా నున్నదని తలచి దీపమును పూర్తిగా మండించును. ఆ వేడిలో పిల్ల మాడిపోవును. కావున తీగకొనను దీపము క్రింది వేడిచోట గట్టిగా కట్టి, పెట్టె రెండు కొనలను వేర్వేరు ఉష్ణమాపకములతో దినదినము చూచుట పెంచువాని ధర్మము.

ఈ ప్రాణియే గ్రుడ్డుగా నున్నపుడు కథ మారును. 32 డిగ్రీలు దాటిన వేడిలో పొదిగినచో, బీజరీత్యా మగవి కావలసిన పిల్లలలో కొన్ని ఆడవై పుట్టును. ఇది అడవిలోను జరుగుచున్నదని 2015లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. గ్రుడ్డు తన వేడిమిని తాను కోరుకొనలేదు. కావున డ్రెబెల్ కొలిమివలె యంత్రమే దానికి ఒక్క అంకెను నిలుపవలెను. పెంకు పగిలి పిల్ల వెలువడిన దినమున ఆ యధికారము యంత్రమునుండి పిల్లకు బదిలీ యగును. నాటినుండి యంత్రము చేయవలసినది వేడి కొనను హద్దు దాటనీయకుండుట మాత్రమే, ఆ హద్దులోపల ఎచట కూర్చుండవలెనో పిల్లయే నిర్ణయించుకొనును.